పల్లిచేనుకు జట్కా కంచె: అడవిపందులతో ఒక యాసంగి

సెప్టెంబరు ఆఖరు

నాలుగెకరాల ఎర్రనేల, ఒక బోరు, యాసంగికి పల్లి. ఈసారి అడవిపందులకు రాత్రి కాపలా మీద కాకుండా జట్కా కంచె మీద, అంటే ముట్టుకుంటే ఆగి ఆగి కరెంటు దెబ్బ కొట్టే తీగల కంచె మీద, డబ్బు పెట్టాలని ఇంట్లో తేల్చుకున్నాం. ఏ పని ఎప్పుడు చేశామో, ఏది పనికొచ్చిందో రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది మాకే అక్కరకొస్తుంది. ఇంకెవరికైనా ఉపయోగపడితే మరీ మంచిది.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు ఒక పల్లె. దక్షిణాన అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. పందులన్నీ అక్కడినుంచే దిగి వస్తాయని ఊళ్లో అందరూ అంటారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. మా చేను వెనక వాగు ఒడ్డున సర్కారు తుమ్మ గుబురుంది. పగలు లోపలికి వంగి చూస్తే బురదగుంట, దాని చుట్టూ గిట్టల జాడలు, పక్కన తుమ్మ మొద్దుకు నడుమెత్తు దాకా ఎండిన బురద. బురదలో దొర్లి ఒళ్లు రాసుకున్న గుర్తు అది. అంటే ఈ మంద కాపురం ఇక్కడే. అడవి దాకా పోవాల్సిన అవసరం వాటికి లేదు. తుమ్మ కింద నీడ ఉంది, వాగులో తేమ ఉంది, చుట్టూ మక్కజొన్న, పల్లి. పులి, చిరుత ఇంత దూరం రావు.

పల్లికి ప్రమాదం రెండుసార్లు. విత్తిన రోజు నుంచి మొలక నిలదొక్కుకునే దాకా వారం పది రోజులు ఒకసారి. అప్పుడు సాలు వెంబడే ముట్టెతో దున్నుకుంటూ పోయి గింజ ఏరుకుంటాయి, మనం గొర్రుతో విత్తిన వరస తప్పకుండా. ఆ తర్వాత ఊడలు (కాయ పట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగి కాయ పట్టిన దగ్గరినుంచి పీకే దాకా ఇంకోసారి. మధ్యలో చెట్టు పచ్చగా పెరిగే నెల రోజులు పెద్దగా పట్టించుకోవు. కాబట్టి కంచె విత్తనానికి ముందే లేవాలి. పోయినేడు చాలామంది కాయ పట్టాక మేల్కొన్నారు. మందకు అప్పటికే దారి అలవాటైపోయింది, ఎంత అరిచినా ఆగలేదు.

అదే వారం, ఇంకొన్ని మాటలు

ఊళ్లో ఇప్పటిదాకా నడిచిన ఉపాయాలు ఒకసారి కూర్చుని లెక్కేశాం. పాత చీరలు చేను చుట్టూ కట్టడం మా దగ్గర అందరూ చేసేదే. పంది చూపు అంతంతమాత్రం, అది నడిచేది ముక్కుతో. చీర కొత్తలో కొంచెం బెదిరిస్తుంది, అంతే. అంగట్లో దొరికే చిన్న బ్యాటరీ స్పీకరు పెట్టి కుక్క మొరుగుడు, మనిషి కేకలు వినిపిస్తే కొన్ని రాత్రులు దూరంగా ఉంటాయి. అదే గొంతు, అదే చోట, అదే వరసలో వస్తోందని తెలిశాక స్పీకరు పక్కనే తవ్వుతాయి. క్షౌరశాల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లితే పని చేస్తుంది. పంది వాసన చూస్తూ పీలుస్తుంది కదా, వెంట్రుకలు ముక్కులో గుచ్చుకుంటాయి. కానీ నీళ్లు పెట్టినప్పుడల్లా, వాన పడ్డప్పుడల్లా మళ్లీ చల్లాలి. నాలుగెకరాల గట్లకు సరిపడా జుట్టు మా మండలం మొత్తం గీయించుకున్నా రాదేమో.

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంట నష్టం చేసే పక్షులు, జంతువుల మీద పని చేసే విభాగం ఉంది. వాళ్లు చెప్పే పద్ధతులు పురుగుమందుల కొట్టు సలహాల కంటే మేలు. మక్కజొన్న చుట్టూ నాలుగు వరసలు ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ, చేనుకు అడుగు ఎడంలో రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం. ఆముదం వాసనలో మక్క వాసన కలిసిపోతుంది, ఆముదాన్నేమో పంది తినదు. ఇవన్నీ వట్టి మాటలు కావు. కాకపోతే మా చేనుకు ఒకవైపు వాగు, ఒకవైపు బండ. కందకం తవ్వితే సగం దూరం గడ్డపార గణగణలాడుతుంది. కుసుమ మాత్రం వాగు వైపు వేయాలని రాసుకున్నా.

పైపులో కార్బైడ్ వేసి పేల్చే గన్ను తెస్తానని చిన్నాయిన కొడుకు అన్నాడు. 2025 దీపావళికి భోపాల్‌లో ఆ గన్నులతోనే పిల్లల కళ్లు పోయిన సంగతి వాడికి చెప్పా. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, అది గడప దాటి లోపలికి రాకూడదు.

అక్టోబరు మొదటి వారం

బోను సంగతి. తమ్ముడు ఫోన్ పట్టుకొచ్చాడు. "అక్కా, అమెరికాల చూడు, గుండ్రంగ జాలి పెట్టిండ్రు, ముప్పై పందులు ఒక్కసారి పడ్డయి."

చూశా. నిజంగా మంచి పనితనం. టెక్సాస్ రైతులు ముందు కొన్నాళ్లు ఊరికే మక్కలు పోసి మందను అలవాటు చేస్తారు. కెమెరాలో మంద మొత్తం లెక్క చూసుకుంటారు. చిట్టచివరి పిల్ల కూడా లోపలికొచ్చాక ఫోన్‌లోనే గేటు పడేస్తారు. తొందరపడి సగం మందను పడితే మిగతా సగం జన్మలో బోను దగ్గరికి రాదని వాళ్ల అనుభవం. బయటపడ్డ ఆడపంది పిల్లలకు కూడా అదే నేర్పుతుంది. ఓపిక అంటే అదీ.

కానీ అక్కడి పంది వేరు, ఇక్కడి పంది వేరు. అక్కడ అది పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చిన జంతువు, ఆ నేలది కాదు. తన పొలంలో పట్టుకోవడానికి రైతుకు అడ్డేమీ లేదు. మన దగ్గర అది అడవి ప్రాణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు వేయడం, బోను పెట్టడం, పట్టుకోవడం అన్నీ వేట కిందికే వస్తాయి, చంపకపోయినా సరే. ఆ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ నుంచి అడవిపంది రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న ప్రాణుల రెండో జాబితాలో, ఉంది. అనుమతి లేకుండా వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

దారి బొత్తిగా మూసేయలేదు. పంటకు, ప్రాణానికి ప్రమాదమైతే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. బీహార్‌లో 2015 డిసెంబరులో, ఉత్తరాఖండ్‌లో 2016లో కొన్ని జిల్లాలకు, కొంత కాలానికి కేంద్రం అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించింది కూడా. అలా ప్రకటించినప్పుడు ఆ గడువు దాకా చట్టం రక్షణ ఉండదు. మన దగ్గర అనుమతి అడగాలంటే నష్టం కాగితం మీద ఉండాలి. అందుకే చేనులో తవ్విన ప్రతిచోటా పక్కన చెప్పు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోవడం మొదలుపెట్టా. కంచె సంగతి ఎలాగున్నా ఈ అలవాటు ఎవరికైనా మంచిదే.

తమ్ముడిని ఒకటే అడిగా, పట్టుకున్నాక ఏం చేస్తావని. కూర వండుకుంటానని నవ్వాడు గానీ, ఆ నవ్వులో సగం నిజం ఉంది. ఆ సగమే నాకు భయం.

కరెంటు తీగ గురించి వేరే చెప్పనక్కర్లేదు గానీ చెప్తా. బోరు స్టార్టరు నుంచి తీగ లాగి చేను చుట్టూ తిప్పేవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పందికని పెట్టింది తెల్లారి నీళ్లు మళ్లించడానికి పోయిన మనిషిని పట్టుకుంటుంది. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యి కండరాలు బిగుసుకుని వదలదు. జట్కా మిషన్ వేలల్లో వోల్టులు ఇస్తుంది, కానీ సెకనుకు కాస్త అటూఇటూగా ఒక్క దెబ్బ, ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు లోపే. రెండు దెబ్బల మధ్య చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మిషన్ కొన్నప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూసి తీసుకున్నాం. ఊళ్లో ఒకాయన పాత కారు కాయిల్‌తో తయారు చేసిస్తానన్నాడు, సగం ధరకే. వద్దన్నాం.

అక్టోబరు, విత్తనానికి ముందు

కడీలు (కంచె స్తంభాలు), తీగ, మిషన్ వచ్చాయి. కొనేముందు ఒక లెక్క వేశాను, అదే ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

చేను చతురస్రం అనుకుందాం. నాలుగెకరాలంటే ఒక్కో భుజం 127 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 510 మీటర్లు. చిన్నాయినకు ఐదెకరాలు, 570. పక్క చేను పెద్దమ్మకు మూడు, 440. వాగు మలుపులో బావకు ఆరు, 620 మీటర్ల పైచిలుకు. నలుగురం ఎవరికి వాళ్లం వేసుకుంటే 2,140 మీటర్ల కంచె, నాలుగు మిషన్లు, నాలుగు బ్యాటరీలు. పద్దెనిమిదెకరాలూ ఒకే కంచెలోకి తెస్తే 1,080 మీటర్లు, ఒక్క మిషన్. సగానికి సగం! చేలు చతురస్రంగా ఉండవు, లెక్క కాస్త మారుతుంది, కానీ మొగ్గు మాత్రం మారదు.

ఈ లెక్క కాగితం మీద గీసి వేపచెట్టు కింద ముగ్గురికీ చూపించా. చిన్నాయిన తల ఊపాడు. బావ కాగితం తిప్పి తిప్పి చూసి, "ముందు నువ్వెయ్యి వదినా, సూద్దాం" అన్నాడు. పెద్దమ్మ అసలు సంగతి చెప్పింది. "తీగ ఒక్కటైతే బాగనే ఉంటది బిడ్డా. గట్టు తగాద ఉన్నోళ్లం. రేపు తీగ యాడికి ఉంటే గదే గట్టు అంటరు." అది నిజమే. కొలతలు తేలని గట్లున్న చోట కంచె సరిహద్దు రాయి అయిపోతుంది. ఆ సాయంత్రం మాట అక్కడే ఆగింది. మేం మా నాలుగెకరాలకే మొదలుపెట్టాం.

రెండున్నర మిల్లీమీటర్ల జీఐ తీగ కిలోకు 26 మీటర్లు వస్తుంది. నాలుగు వరసలకు 2,040 మీటర్లు, అంటే దాదాపు 80 కిలోలు. మూలలకు సిమెంటు కడీలు పాతి లోపలివైపు ఊతకర్ర ఇచ్చాం. బిగుతు మొత్తం మూలల మీదే పడుతుంది, అక్కడ కక్కుర్తి పనికిరాదు. మధ్యలో వెదురు, ఒక్కో దానికి ఇన్సులేటర్లు.

తీగ ఎత్తు గురించి దుకాణాయన అడుగున్నర నుంచి మొదలుపెట్టమన్నాడు. అది ఆవులకు. పంది తల దించి నడుస్తుంది. ముట్టె నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, దెబ్బ తగలాల్సింది అక్కడే. ముట్టె తడిగా ఉంటుంది, వెంట్రుక ఉండదు, నరాలన్నీ అక్కడే. మెడ మీదో వీపు మీదో తగిలితే మందమైన తోలు, ముళ్లలాంటి వెంట్రుకలు, ఏమీ తెలియదు. పైగా తల లోపలికి దూరాక తగిలితే పంది వెనక్కి కాదు, ముందుకే ఉరుకుతుంది. అందుకని కింది తీగ ఎనిమిది అంగుళాలు, తర్వాతది పదిహేను, ఆపైన రెండడుగులు, పశువుల కోసం మూడడుగులు.

నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఎనిమిది అంగుళాలు కాస్తా పద్నాలుగు అవుతాయి. పంది ఆ సందునే వెతుక్కుంటుంది. అలాంటి చోట్ల పారతో మట్టి పోసి సరి చేశాం. ఒకరోజు పనంతా దీనికే పోయింది, చూసేవాళ్లకు ఏమీ చేసినట్టు కనిపించదు.

ఎర్తింగుకు ఆరడుగుల జీఐ పైపులు మూడు, పదేసి అడుగుల దూరంలో, ఉప్పు బొగ్గు పోసి పాతాం. బోరు స్టార్టరు ఎర్తింగుకు ముప్పై అడుగులకు పైనే దూరం పెట్టాం. రెండూ కలిస్తే జట్కా దెబ్బ బోరు డబ్బాలో తగులుతుంది. చేను పైనుంచి ట్రాన్స్‌ఫార్మరు లైను పోతోంది. దాని కింద కంచె అడ్డంగా దాటాలి తప్ప దాని వెంబడే సాగకూడదు. బడి పిల్లలు నడిచే బాట వైపు పసుపు బోర్డులు కట్టాం.

మిషన్ వేయగానే మీటరులో ఏడు వేల వోల్టుల పైన చూపించింది. నాలుగు వేలకు తగ్గితే పంది లెక్కచేయదు.

అక్టోబరు మూడో వారం

విత్తనం పడింది. కదిరి-6.

కంచె కొత్తలో పందికి చదువు చెప్పాలి. ఊరికే పరుగెత్తుకొచ్చి తీగను తెంపేసిందంటే దానికి తెలిసేది దారి ఒక్కటే. నింపాదిగా వచ్చి ముక్కు పెట్టి వాసన చూస్తేనే పాఠం. అందుకని వేయించిన పల్లి ముద్ద చేసి, టిఫిన్లు చుట్టే వెండిరంగు కాగితానికి పూసి, వాగు వైపు కింది తీగకు అక్కడక్కడా మడిచి తగిలించా. రాత్రి గుడిసెలో కూర్చున్నాం. పది దాటాక తుమ్మ వైపు గుర్రుగుర్రుమంటూ మంద కదిలిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఒక్క కీచు అరుపు, దాని వెనకే మంద మొత్తం ఎండుకొమ్మలు విరుచుకుంటూ వాగులోకి. తెల్లారి చూస్తే కాగితం ఒకటి నలిగి కింద పడుంది. దాని ముందు గిట్టలు నేలలో లోతుగా దిగి వెనక్కి జారిన గీతలు. పక్కగిట్టల చుక్కలు కూడా తేటగా పడ్డాయి.

మొలక వచ్చేదాకా మా చేనులో ఒక్క సాలు కూడా తవ్వలేదు.

పెద్దమ్మ చేనులో తవ్వాయి. మా కంచె దగ్గర పక్కకు మళ్లిన మంద గట్టు వెంట నడిచి ఆమె చేనులో దిగింది. అడుగులు చూస్తే దాచిపెట్టడానికి ఏమీ లేదు, మా తీగ వెంబడే వరసగా పోయాయి. ఆమె ఏమీ అనలేదు. గింజ మళ్లీ విత్తుతూ, "నీ తీగ మంచిగనే కొట్టిందే" అంది, అంతే. కంచె పందులను తగ్గించదు, పక్కకు తోస్తుంది. ఊళ్లో కంచె వేసినవాడి మీద పక్కచేను వాళ్లకు కోపం ఎందుకొస్తుందో ఆ ఉదయం తెలిసింది.

నవంబరు

పెద్దగా రాయడానికి లేదు. గడ్డి.

కింది తీగ ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంటే గడ్డి రెండు వారాల్లో దాన్ని తాకుతుంది. తాకిన ప్రతి పరక కొంచెం కరెంటు తాగుతుంది. మంచు పడ్డ తెల్లవారుజామున మీటరు చూస్తే ఐదు వేలు, ఎండెక్కాక ఏడు. తీగ కింద రెండడుగుల వెడల్పున పారతో చెక్కి నేల నున్నగా చేయడం తప్ప వేరే మంత్రం లేదు. కలుపు మందు కొట్టమన్నారు కొందరు. పల్లి పక్కనే, గాలి ఎటు తిరుగుతుందో తెలియదు, అందుకే ఒప్పుకోలేదు.

రాత్రిపూట లైటు వేయకుండా కంచె చుట్టూ నడవడం అలవాటు చేసుకున్నాం. ఇన్సులేటరు పగిలినచోట టక్, టక్ మని చప్పుడు, నీలం రవ్వ. పగలు ఎంత వెతికినా దొరకని లోపం చీకట్లో నిమిషంలో దొరుకుతుంది.

ఒక పొద్దున కింది తీగ దగ్గర ఉడుము చచ్చి కనిపించింది. తగిలిన వెంటనే పారిపోకుండా తీగను పట్టుకుని బిగుసుకుపోయింది. ఇంత కిందికి తీగ కడితే వచ్చే చిక్కు ఇదే. అమ్మే దుకాణంలో ఎవరూ ఈ మాట ఎత్తరు. ఉడుము పగలు తిరిగేది, పంది రాత్రి వచ్చేది. అందుకని మిషన్‌కు టైమరు పెట్టి పొద్దుగూకిన దగ్గరినుంచి తెల్లారేదాకా మాత్రమే నడిచేలా చేశాం. బ్యాటరీ కూడా తేరుకుంది. పిల్లలు, గొర్రెలు తిరిగే వేళకు కంచె వట్టి తీగే. అయితే ఈ సంగతి ఊళ్లో చెప్పకూడదని మా ఆయన మాట, చెప్తే పగలు తీగ మాయమవుతుందట. నేనిక్కడ రాసేశాను.

డిసెంబరు

ఊడలు దిగాయి, కాయ పట్టింది. అసలు పరీక్ష ఇప్పుడే. సరిగ్గా ఇప్పుడే నేల ఎండింది.

నీళ్లు పారే లోపలివైపు తడిగా ఉన్నా, పంది నిలబడేది బయట, ఎండిన ఎర్రమట్టి మీద. తీగలో కరెంటు పంది ఒంట్లోంచి, గిట్టల్లోంచి, నేలలోంచి నడిచి మిషన్ దగ్గరి పైపులకు తిరిగి చేరితేనే దెబ్బ. నేల పొడిగా ఉంటే ఆ దారి తెగిపోతుంది. మీటరులో ఏడు వేలు కనిపిస్తూనే ఉంటుంది, పందికి మాత్రం చీమ కుట్టినట్టే. కంచె పని చేయట్లేదని తిట్టేవాళ్లలో చాలామంది తిట్టాల్సింది మిషన్‌ను కాదు, నేలను.

దీనికి పరీక్ష ఉంది. మిషన్‌కు నూరు మీటర్ల అవతల ఇనుప గునపాలు నేలలో గుచ్చి తీగకు ఆనించి, వోల్టేజి రెండు వేల లోపుకు పడేలా చేయాలి. అప్పుడు ఎర్తింగు పైపు దగ్గర మీటరు పెట్టి చూడాలి. మూడు వందల వోల్టుల లోపు ఉంటే ఎర్తింగు బాగున్నట్టు. మాది ఎనిమిది వందలు దాటింది. పైపుల దగ్గర బకెట్లతో నీళ్లు పోస్తే దిగింది, రెండు రోజులకు మళ్లీ ఎక్కింది.

పైపులు ఇంకో రెండు పాతాం, బోరు నీళ్లు పారే కాలువ పక్కన. దానితోపాటు రెండో వరస తీగను, అంటే పదిహేను అంగుళాల ఎత్తున్న దాన్ని, మిషన్ కరెంటు నుంచి విడదీసి నేరుగా ఎర్తింగు పైపులకు కలిపేశాం. ఇప్పుడు పంది కింది తీగకూ పై తీగకూ మధ్య తల దూర్చిందంటే రెండూ తగులుతాయి, కరెంటుకు నేలతో పనే లేదు. వేసవిలో రాళ్ల నేలల్లో కంచె కట్టేవాళ్లు మొదటినుంచే ఒకటి కరెంటు తీగ, ఒకటి ఎర్తు తీగ చొప్పున వేసుకుంటారు. మా ఎర్రనేలలకు కూడా అదే సరైన పద్ధతని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. అదనపు ఖర్చు ఏమీ లేదు, కలిపే తీరు మారుతుంది, అంతే.

డిసెంబరు ఆఖరు

బావ వచ్చాడు. అతని చేను వాగు మలుపులో, పందులకు అందరికంటే ముందు. అప్పటికే గుంటలకు గుంటలు పంట పోయింది. చెట్టు పీకి చూపించాడు. కాయ లేదు, ఊడలు తెగి వేలాడుతున్నాయి. వేర్లకు అంటిన మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆకు పచ్చగా నిలబడే ఉంటుంది, దూరం నుంచి చూస్తే చేను నిండుగా ఉన్నట్టే. "మొన్న కాగితం ఏడున్నది?" అని అడిగాడు.

మళ్లీ వేపచెట్టు. ఈసారి పెద్దమ్మ గట్టు మాటకు చిన్నాయినే మార్గం చెప్పాడు. కంచె బయటి చుట్టు మాత్రమే, లోపలి గట్ల మీద తీగ ఉండదు. ఆ సంగతి ఒక కాగితం మీద రాసుకుని నలుగురం సంతకాలు పెట్టాం. కంచెకూ హద్దుకూ సంబంధం లేదు, ఎవరి పట్టా కొలతలు వాళ్లవే. ఖర్చు ఎకరాల లెక్కన. అక్కడ చిన్న పేచీ వచ్చింది. వాగు వైపు ఉన్నవాళ్లకే లాభం ఎక్కువ కాబట్టి వాళ్లు ఎక్కువ పెట్టాలని చిన్నాయిన. వాగు వైపు తీగ నా చేను వెంటే కాబట్టి గడ్డి చెక్కే పని నాకే ఎక్కువని బావ. రెండూ న్యాయమే. ఎకరాల లెక్క మీదే నిలబడ్డారు గానీ, గడ్డి మాత్రం వంతులవారీగా అందరూ.

జనవరి

మా నాలుగెకరాల లోపలి రెండు వైపుల తీగ విప్పి బయటి చుట్టుకు వాడాం. మిషన్ మాదే సరిపోయింది, వెయ్యి మీటర్లకు పైన నడిపే శక్తి ఉంది దానికి. బ్యాటరీ మాత్రం పెద్దది వేశాం. ట్రాక్టరు పోయే బాట దగ్గర స్ప్రింగు గేటు, ప్లాస్టిక్ పిడి ఉన్నది. వాగు వైపు కుసుమ అప్పటికే ముళ్లు పట్టింది. కంచెకు అది రెండో వరుస కాపలా.

కాయ ముదిరే కాలమిది. మంద కంచెను తప్పించుకుని పోతోంది, ఆ సంగతి అడుగుల్లో కనిపిస్తోంది. ఒంటరి మగపంది మాత్రం వేరే లెక్క. ఒక రాత్రి బావ చేను మూలలో నేరుగా గుద్దుకుని లోపలికొచ్చింది. రెండు వెదుళ్లు విరిగాయి, కింది తీగ తెగింది. తెగిన కొసకు ముదురు గోధుమ రంగు వెంట్రుకలు నాలుగైదు చుట్టుకుని ఉన్నాయి, కొసలు రెండుగా చీలి, గట్టి బ్రష్షు పోగుల్లా. అది తిన్నది తక్కువే, లోపల బెదిరి అటూఇటూ పరుగెత్తి తొక్కిందే ఎక్కువ. బయటికి పోవడానికి దారి లేక మళ్లీ తీగనే తెంపుకుని పోయింది.

లోపలికొచ్చిన పంది ఎదురుగా పోవద్దని అందరికీ చెప్పాం. కోరలు పైకి తిరిగి ఉంటాయి, మనిషి తొడ ఎత్తులో కొడతాయి. గేటు తీసి పెట్టి, ఎదురువైపు నుంచి లైటు వేసి దూరంగా నిలబడితే అదే దారి చూసుకుంటుంది. కుక్కలను వదలడం దానికీ కుక్కలకూ మంచిది కాదు.

ఆ మూలలో వెదుళ్లు తీసి సిమెంటు కడీలు దగ్గర దగ్గరగా వేశాం. మళ్లీ అక్కడ రాలేదు.

ఫిబ్రవరి మొదటి వారం

మా చేను పీకడం అయింది. పందుల వల్ల పోయింది బాట దగ్గర ఒక చిన్న ముక్క, అదీ గేటు పిడి తగిలించడం మరచిపోయిన రాత్రి. ఎవరు మరచిపోయారో ఎవరూ ఒప్పుకోవడం లేదు కాబట్టి గేటుకు గొలుసు, గంట కట్టాం. పెద్దమ్మ చేనులో విత్తనం దగ్గర పోయినంతే, కాయ దగ్గర పోలేదు. బావకు కంచె రాకముందు పోయింది పోయింది. అతని చేను ఫోటోలన్నీ తేదీలతో వ్యవసాయ విస్తరణాధికారికి ఇచ్చాం, అటవీ శాఖకు ఒక అర్జీ కూడా. ఇంకా జవాబు రాలేదు.

వాగు అవతలి వాళ్లు వచ్చి అడిగి వెళ్లారు. మంద ఇప్పుడు వాళ్ల మక్కచేనుల్లో ఉంది. కాగితం వాళ్లకూ గీసిచ్చా. వాళ్లవి ఇరవై రెండెకరాలు, ఏడుగురు రైతులు. మాకంటే పేచీ ఎక్కువే ఉంటుంది. ఆముదం గింజలు మాత్రం ఇప్పుడే సంపాదించుకోమన్నా. కంచె తేలినా తేలకపోయినా వానాకాలం మక్కకు నాలుగు వరసలు ఆముదం వేసుకోవచ్చు, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

సర్కారు తుమ్మ కొట్టేయడం గురించి కూడా మాట వచ్చింది. గుబురు పోతే పగలు మందకు నీడ పోతుంది. వాగు ప్రభుత్వ భూమి కాబట్టి పంచాయతీ తీర్మానం కావాలి. తుమ్మ కొట్టినా మొదలు పెకలించకపోతే రెండు వానలకు మళ్లీ అంతే. బొగ్గు కాల్చేవాళ్లను అడిగితే మొదలు కూడా తవ్వుకుపోతామన్నారు.

మిగిలిన పని వాగు దాటే చోటు. ఇప్పుడు ఎండింది కాబట్టి తీగ నేరుగా దాటింది. వానాకాలం నీళ్లొస్తే చెత్త తట్టుకుని మొత్తం కంచెను లాక్కుపోతుంది, కింది తీగ నీళ్లలో మునిగితే వోల్టేజి మొత్తం అక్కడే పోతుంది. ఆ ముక్కను మిగతా కంచె నుంచి విడిగా పెట్టి, పైనుంచి గొలుసులు వేలాడదీసి, మధ్యలో కట్‌ఆఫ్ స్విచ్ పెట్టాలి. స్విచ్ బావ గుడిసె దగ్గర ఉండాలా, మా గుడిసె దగ్గర ఉండాలా అన్నది జూన్‌లోపు తేలాలి.